జావాలో ఈవెంట్ లిజనర్ పెట్టడం ఎలా? నొక్కినా పలకని బటన్‌ను పలికించే పద్ధతి

"బటన్ కనిపిస్తోంది, నొక్కితే లోపలికి పోతోంది కూడా. కానీ ఏమీ జరగడం లేదు." జావా నేర్చుకుంటున్నవాళ్ళు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. దాని తర్వాతిది, "నొక్కగానే విండో మొత్తం బిగుసుకుపోతోంది." ఇంకోటి, "ఒక్కసారి నొక్కితే రెండుసార్లు సేవ్ అవుతోంది." పైకి మూడూ వేర్వేరు సమస్యలు. కానీ మూడింటి దగ్గరా ముందు తేల్చుకోవలసింది ఒకటే: మీ లిజనర్‌కు (బటన్ నొక్కినప్పుడు నడవాల్సిన కోడ్‌కు) పిలుపు వచ్చిందా, వస్తే ఎన్నిసార్లు వచ్చింది, ఏ థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పనులు వరసగా నడిచే ఒక దారి) మీద వచ్చింది? ఇది తేలకుండా లోపలి కోడ్‌ను ఎంత మార్చినా టైమ్ పోవడమే తప్ప ఫలితం ఉండదు. అందుకే కింద ప్రతి మెట్టు దగ్గరా సరిచూసుకునే పద్ధతి కూడా ఇస్తున్నాను.

ఇదంతా స్వింగ్‌తో, అంటే విండోలు, బటన్లు తయారు చేయడానికి జావాతోనే వచ్చే లైబ్రరీతో, చేసే డెస్క్‌టాప్ ప్రోగ్రాముల గురించి. అలాంటిదే ఇంకో లైబ్రరీ అయిన జావాఎఫ్‌ఎక్స్ వాడేవాళ్ళ కోసం చివర్లో కొంచెం రాశాను.

కావలసినవి

జేడీకే (జావా ప్రోగ్రాములు రాసి నడిపే కిట్) 8 లేదా ఆ తర్వాతిది ఏదైనా సరే. 2014లో 8తో లాంబ్డాలు (పేరు లేకుండా అక్కడికక్కడే రాసే చిన్న మెథడ్లు) వచ్చాక లిజనర్ రాయడం ఒక్క లైన్ పని అయింది.

ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు కన్సోల్ కళ్ళ ముందు ఉండాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. లిజనర్ లోపల ఎక్సెప్షన్ వస్తే స్వింగ్ ప్రోగ్రామ్ ఆగిపోదు. ఎర్రర్ కన్సోల్‌లో పడుతుంది, విండో మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడే ఉంటుంది. జార్ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి నడిపితే ఆ ఎర్రర్ చూసే దారే ఉండదు. "ఏమీ జరగడం లేదు" అని నా దగ్గరికి వచ్చిన చాలా ప్రోగ్రాముల్లో నిజానికి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వచ్చి ఉంది, చూసినవాళ్ళే లేరు.

మొదలుపెట్టడానికి ఇంపోర్ట్‌లు మూడు కావాలి: జావాఎక్స్ డాట్ స్వింగ్, జావా డాట్ ఏడబ్ల్యూటీ, జావా డాట్ ఏడబ్ల్యూటీ డాట్ ఈవెంట్. రెండోదానికి స్టార్ పెట్టాం కదా, మూడోది కూడా అందులో వచ్చేస్తుందిలే అనుకుంటారు. రాదు. జావాలో స్టార్ ఆ ప్యాకేజీ వరకే, దాని కింది ప్యాకేజీలకు వర్తించదు. "యాక్షన్‌లిజనర్ దొరకలేదు" అని కంపైలర్ అంటే ముందు ఈ మూడో ఇంపోర్ట్ చూడండి.

పేర్ల గురించి ఒక మాట. ఇక్కడ మెథడ్ల పేర్లు పలికేలా తెలుగులో రాశాను. కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ఖాళీ లేకుండా కలిపి రాయాలి. మెథడ్ పేరు చిన్న అక్షరంతో మొదలవుతుంది, లోపలి ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలవుతుంది. క్లాస్ పేరైతే మొదటి అక్షరమూ పెద్దదే.

తెలియాల్సిన సిద్ధాంతం ఇంతే: ఈవెంట్ పుట్టే చోటు ఒకటి, అంటే బటన్ లాంటిది. జరిగింది ఏమిటో చెప్పే ఈవెంట్ ఆబ్జెక్ట్ ఒకటి. ఆ కబురు అందుకునే లిజనర్ ఒకటి. "ఇది జరిగితే నన్ను పిలువు" అని లిజనర్‌ను బటన్ దగ్గర నమోదు చేస్తాం. ఈ పద్ధతి 1997లో జావా 1.1తో వచ్చింది. అంతకుముందు 1.0లో కాంపొనెంట్‌ను ఎక్స్‌టెండ్ చేసి హ్యాండిల్‌ఈవెంట్, యాక్షన్ అనే మెథడ్లను తిరగరాసేవాళ్ళు. ఏదైనా పాత కోడ్‌లో ఆ రెండూ కనిపిస్తే దాన్ని చూసి నేర్చుకోకండి.

1. విండోను సరైన థ్రెడ్ మీద తెరవండి

స్వింగ్‌లో బొమ్మ గీయడం, క్లిక్‌లు అందుకోవడం, లిజనర్లను పిలవడం అన్నీ ఒకే ఒక్క థ్రెడ్ చేస్తుంది. దాని పేరు ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్, పొట్టిగా ఈడీటీ. మెయిన్ మెథడ్ నడిచేది వేరే థ్రెడ్ మీద. కాబట్టి మెయిన్‌లో నేరుగా జేఫ్రేమ్ (అంటే విండో) తయారు చేయకుండా, స్వింగ్‌యుటిలిటీస్ క్లాస్‌లోని ఇన్వోక్‌లేటర్‌కు ఆ పని ఒప్పజెప్పండి.

జేఫ్రేమ్‌కు సెట్‌డిఫాల్ట్‌క్లోజ్‌ఆపరేషన్ కూడా పెట్టండి. పెట్టకపోతే క్లోజ్ గుర్తు నొక్కినప్పుడు విండో దాక్కుంటుంది, ప్రోగ్రామ్ వెనకాల నడుస్తూనే ఉంటుంది. చిన్న ప్రోగ్రామ్‌కు ఎగ్జిట్ ఆన్ క్లోజ్ చాలు. మూసే ముందు "సేవ్ చేయాలా?" అని అడగాలంటే డు నథింగ్ ఆన్ క్లోజ్ పెట్టి, విండోక్లోజింగ్ అనే మెథడ్‌లో అడగండి. పేరు దగ్గరగా ఉందని విండోక్లోజ్డ్‌లో రాస్తే పని జరగదు. అది విండోను డిస్పోజ్ చేసేశాక వచ్చే పిలుపు.

సరిచూడండి: విండో తెరిచి మూయండి. కన్సోల్‌లో ప్రోగ్రామ్ పూర్తిగా ఆగిందా?

2. ముందు ఖాళీ లిజనర్ పెట్టండి

సేవ్ చేసే కోడ్, లెక్క కట్టే కోడ్ ఇప్పుడే రాయొద్దు. లిజనర్‌లో ఒక్క ప్రింట్ లైన్ మాత్రమే ఉండాలి. లైన్ రూపం ఇదీ:

సేవ్‌బటన్.యాడ్‌యాక్షన్‌లిజనర్(ఈ -> ప్రింట్("సేవ్ పిలుపు"));

ఇక్కడ "ఈ" అనేది ఈవెంట్ ఆబ్జెక్ట్. ప్రింట్ అన్నచోట మామూలుగా వాడే సిస్టమ్ డాట్ అవుట్ డాట్ ప్రింట్‌ఎల్‌ఎన్ రాయండి.

సరిచూడండి: బటన్‌ను మూడుసార్లు నొక్కండి. కన్సోల్‌లో సరిగ్గా మూడు లైన్లు రావాలి. సున్నా వస్తే లిజనర్ ఆ బటన్‌కు తగల్లేదు. ఆరు వస్తే రెండుసార్లు తగిలింది.

సున్నా వస్తే ముందు ఇక్కడ వెతకండి. క్లాస్‌లో సేవ్‌బటన్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది. కన్‌స్ట్రక్టర్‌లో మళ్ళీ ముందు జేబటన్ అని టైప్ పేరు రాసి, అదే పేరుతో కొత్త వేరియబుల్ మొదలుపెడతారు. ఇప్పుడు పేరు ఒకటే, వస్తువులు రెండు. స్క్రీన్ మీద కనిపించేది లోపలి వేరియబుల్‌లోది. ఇంకో మెథడ్‌లో లిజనర్ పెట్టింది బయటి ఫీల్డ్‌కు. ఫీల్డ్ నల్‌గా ఉంటే ఎక్సెప్షన్ అయినా వస్తుంది, దొరికిపోతుంది. ఫీల్డ్‌లో కూడా ఒక బటన్ ఉంటే మాత్రం ఎర్రర్ ఉండదు, పిలుపూ ఉండదు. కన్‌స్ట్రక్టర్‌లోని ఆ టైప్ పేరు తీసేస్తే సరిపోతుంది. ఇంకా మంచిది, ఫీల్డ్‌ను ఫైనల్ చేసి ప్రకటించిన చోటే తయారు చేయండి.

ఎక్కువ పిలుపులు వస్తుంటే, లిజనర్ పెట్టే లైన్ ఎన్నిసార్లు నడుస్తోందో చూడండి. డేటా రిఫ్రెష్ చేసే మెథడ్‌లోనో, డైలాగ్ తెరిచే మెథడ్‌లోనో ఆ లైన్ ఉంటే ప్రతిసారీ ఇంకో లిజనర్ చేరుతూ పోతుంది. స్వింగ్ "ఇది ఇప్పటికే ఉంది" అని అడ్డుపడదు. బటన్ మీద గెట్‌యాక్షన్‌లిజనర్స్ పిలిచి, వచ్చిన ఎరే పొడవును ప్రింట్ చేస్తే నిజం బయటపడుతుంది. ఒకే బటన్‌కు కావాలనే రెండు లిజనర్లు పెట్టినా తప్పు లేదు, కానీ ఏది ముందు నడుస్తుందో దాని మీద ఆధారపడి కోడ్ రాయకండి. ముందూ వెనకా ముఖ్యమైతే ఒకే లిజనర్‌లో వరసగా పిలవండి.

3. లాంబ్డానా, అడాప్టరా?

లిజనర్ ఇంటర్‌ఫేస్‌లో మీరు రాయాల్సిన మెథడ్ ఒకటే ఉంటే లాంబ్డా వాడండి. యాక్షన్‌లిజనర్ అలాంటిది. మౌస్‌లిజనర్‌లో ఐదు, కీలిజనర్‌లో మూడు, విండోలిజనర్‌లో ఏడు మెథడ్లు ఉంటాయి. వాటికి లాంబ్డా కుదరదు. అప్పుడు ఈ మెథడ్లన్నీ ఖాళీగా ముందే రాసి ఉన్న మౌస్‌అడాప్టర్, కీఅడాప్టర్, విండోఅడాప్టర్ క్లాసులను ఎక్స్‌టెండ్ చేసి, కావలసిన మెథడ్ ఒక్కటే రాసుకోండి.

జాగ్రత్త: అడాప్టర్‌లో రాసే ప్రతి మెథడ్ మీదా ఓవర్‌రైడ్ గుర్తు తప్పకుండా పెట్టండి. మౌస్‌ప్రెస్డ్ పేరులో ఒక్క పెద్ద అక్షరం తప్పినా, ఆ గుర్తు లేకపోతే జావా దాన్ని మీ సొంత కొత్త మెథడ్ అనుకుని ఊరుకుంటుంది. కంపైల్ అవుతుంది, పిలుపు మాత్రం ఎప్పటికీ రాదు. గుర్తు ఉంటే కంపైలరే ఆపుతుంది.

లాంబ్డా లోపల బయటి లోకల్ వేరియబుల్‌ను మార్చబోతే "ఫైనల్ అయి ఉండాలి" అని ఎర్రర్ వస్తుంది. క్లిక్‌లు లెక్కపెట్టే కౌంటర్ లాంటిది కావాలంటే దాన్ని క్లాస్ ఫీల్డ్‌గా పెట్టుకోండి.

4. పనికి తగిన లిజనర్ ఎంచుకోండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

బటన్: ఎప్పుడూ యాక్షన్‌లిజనరే. బటన్‌కు మౌస్‌లిజనర్ పెట్టినవాళ్ళను చాలామందిని చూశాను. అలా చేస్తే కీబోర్డ్‌తో స్పేస్ నొక్కినవాళ్ళకు బటన్ పలకదు. పైగా సెట్‌ఎనేబుల్డ్‌తో బటన్‌ను ఆపేసినా మౌస్ పిలుపులు వస్తూనే ఉంటాయి.

టెక్స్ట్ ఫీల్డ్: దీనికి యాక్షన్‌లిజనర్ పెడితే ఎంటర్ నొక్కినప్పుడే పిలుపు వస్తుంది. అక్షరం అక్షరానికీ తెలియాలంటే గెట్‌డాక్యుమెంట్‌తో డాక్యుమెంట్ తీసుకుని, దానికి డాక్యుమెంట్‌లిజనర్ పెట్టాలి. అందులో ఇన్సర్ట్‌అప్‌డేట్, రిమూవ్‌అప్‌డేట్ రెండూ రాయండి. పేరు చూసి ఛేంజ్డ్‌అప్‌డేట్‌లో మాత్రమే రాస్తారు. మామూలు టెక్స్ట్ ఫీల్డ్‌లో దానికి పిలుపు రాదు, అది అక్షరాల స్టైల్ మారినప్పటి కోసం. ఇంకో సంగతి, ఈ లిజనర్ లోపలి నుంచే అదే ఫీల్డ్‌కు సెట్‌టెక్స్ట్ పిలిస్తే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ వస్తుంది. అంకెలు మాత్రమే టైప్ చేయనివ్వాలి లాంటి అవసరాలకు డాక్యుమెంట్‌ఫిల్టర్ వాడాలి, లిజనర్ కాదు.

కాంబో బాక్స్: ఐటమ్‌లిజనర్ పెడితే ఎంపిక మారిన ప్రతిసారీ రెండు పిలుపులు వస్తాయి. పాతది పోయిందని ఒకటి, కొత్తది వచ్చిందని ఒకటి. గెట్‌స్టేట్‌చేంజ్ విలువ సెలెక్టెడ్ అయితేనే పని చేయండి. లేదా యాక్షన్‌లిజనర్ వాడండి. ఖాళీ కాంబోలో మొదటి ఐటమ్ చేర్చగానే అది ఎంపికైపోయి పిలుపు వచ్చేస్తుంది. అందుకని ఐటమ్‌లన్నీ నింపాకే లిజనర్ పెట్టండి.

చెక్ బాక్స్: కోడ్‌లోంచి సెట్‌సెలెక్టెడ్ పిలిస్తే ఐటమ్‌లిజనర్‌కు పిలుపు వస్తుంది, యాక్షన్‌లిజనర్‌కు రాదు. మనిషి చేతితో మార్చినప్పుడే స్పందించాలనుకుంటే యాక్షన్‌లిజనర్, ఎలా మారినా తెలియాలంటే ఐటమ్‌లిజనర్.

జాబితా, స్లైడర్: మౌస్‌తో లాగుతున్నంతసేపూ పిలుపులు వరసగా వస్తాయి. గెట్‌వాల్యూఈజ్‌అడ్జస్టింగ్ ఫాల్స్ అయినప్పుడే అసలు పని చేయండి.

మౌస్: మీరే గీసిన ప్యానెల్ మీద క్లిక్‌లు కొన్నిసార్లు అందుతున్నాయి, కొన్నిసార్లు లేవు అంటే కారణం మౌస్‌క్లిక్డ్. నొక్కిన చోటే వదిలితేనే అది క్లిక్ కింద లెక్క. చెయ్యి కొంచెం జరిగితే డ్రాగ్ అయిపోతుంది. మౌస్‌ప్రెస్డ్‌లో రాసుకోండి. కుడి బటన్ మెనూ కోసమైతే ఈజ్‌పాపప్‌ట్రిగర్‌ను ప్రెస్డ్, రిలీజ్డ్ రెండింటిలోనూ అడగాలి. విండోస్‌లో వదిలినప్పుడు, మ్యాక్‌లో నొక్కినప్పుడు అది నిజమవుతుంది. ఒక్కచోటే రాస్తే మీ కంప్యూటర్లో పనిచేసింది వేరేవాళ్ళ దగ్గర పనిచేయదు.

కీబోర్డ్: కీలిజనర్ పెట్టిన కాంపొనెంట్‌కు ఫోకస్ (నొక్కిన కీలు అందుకునే వంతు) ఉంటేనే పిలుపు వస్తుంది. ప్యానెల్‌కు పెట్టి, పక్కన బటన్ నొక్కగానే ఫోకస్ బటన్‌కు పోతుంది, ఆటలో బొమ్మ కదలడం ఆగిపోతుంది. షార్ట్‌కట్‌ల కోసం కీ బైండింగ్ వాడండి: కాంపొనెంట్ ఇన్‌పుట్ మ్యాప్‌లో, విండో ఫోకస్‌లో ఉన్నప్పుడు అనే రకంలో, కీస్ట్రోక్‌కు ఒక పేరు ఇవ్వండి. అదే పేరుతో యాక్షన్ మ్యాప్‌లో పని పెట్టండి. కంట్రోల్ ఎస్ కోసం కీస్ట్రోక్ స్ట్రింగ్ రాసేటప్పుడు కంట్రోల్ అన్నది చిన్న అక్షరాల్లో, ఎస్ పెద్ద అక్షరంలో ఉండాలి. చిన్న ఎస్ రాస్తే వచ్చేది నల్. ఇన్‌పుట్ మ్యాప్ ఆ నల్‌ను ఏ ఎర్రర్ లేకుండా వదిలేస్తుంది. దీనితో ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

సరిచూడండి: ఏ లిజనర్ పెట్టినా మళ్ళీ రెండో మెట్టులోని ప్రింట్ లైన్‌తోనే మొదలుపెట్టి, పిలుపులు లెక్కపెట్టండి.

5. ఏ బటన్ పిలిచిందో తెలుసుకోవడం

ఒకే లిజనర్‌లో పది బటన్లను ఇఫ్, ఎల్స్‌లతో విడదీసే కోడ్ ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. నా సలహా, ప్రతి బటన్‌కూ దాని సొంత లాంబ్డా ఇచ్చి, ఒక్కొక్కటి ఒక్కో మెథడ్‌ను పిలిచేలా రాయండి. తప్పు వెతకడం సులువవుతుంది.

క్యాలిక్యులేటర్ అంకెల్లా ఒకే రకం బటన్లకు మాత్రం ఒకే లిజనర్ బాగుంటుంది. అప్పుడు గెట్‌యాక్షన్‌కమాండ్ వాడండి, పోల్చేటప్పుడు రెండు ఈక్వల్ గుర్తులు కాకుండా ఈక్వల్స్ మెథడ్ రాయండి. మీరు విడిగా ఇవ్వకపోతే బటన్ మీద రాసిన మాటే కమాండ్ అవుతుంది. రేపు ఆ మాటను "సేవ్" నుంచి "భద్రపరచు"కు మారిస్తే పోలిక తప్పి బటన్ మూగబోతుంది. సెట్‌యాక్షన్‌కమాండ్‌తో మారని పేరు ఒకటి ఇవ్వండి.

6. ఎక్కువసేపు పట్టే పనిని లిజనర్‌లో చేయకండి

విండో బిగుసుకుపోయే సమస్యకు మూలం ఇది. మొదటి మెట్టులో చెప్పిన ఆ ఒక్క థ్రెడ్డే మీ లిజనర్‌ను నడుపుతోంది. మీరు అందులో ఐదు సెకన్లు పట్టే ఫైల్ చదివితే, ఆ ఐదు సెకన్లూ స్క్రీన్ గీసేవాళ్ళు లేరు, ఇంకో క్లిక్ అందుకునేవాళ్ళు లేరు. లిజనర్ మొదటి లైన్‌లో లేబుల్‌కు "లోడ్ అవుతోంది" అని పెట్టినా అది కనిపించదు. గీయాల్సిన థ్రెడ్ మీ పనిలోనే ఇరుక్కుని ఉంది. అది బయటికి వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది. రీపెయింట్ పిలిచినా, థ్రెడ్ స్లీప్ పెట్టినా మారదు. స్లీప్ పెడితే ఇంకా పాడవుతుంది.

దీనికి స్వింగ్‌వర్కర్ ఉంది. వరస ఇలా:

అ) లిజనర్‌లో బటన్‌ను డిసేబుల్ చేయండి, లేబుల్ మార్చండి, కొత్త స్వింగ్‌వర్కర్ తయారు చేసి ఎగ్జిక్యూట్ పిలవండి. లిజనర్ అక్కడితో ముగియాలి.

ఆ) డూఇన్‌బ్యాక్‌గ్రౌండ్‌లో అసలు పని రాయండి. ఇది వేరే థ్రెడ్ మీద నడుస్తుంది. ఇక్కడ ఏ లేబుల్‌నూ, ఏ బటన్‌నూ ముట్టుకోవద్దు.

ఇ) డన్ మెథడ్‌లో గెట్ పిలిచి ఫలితం తీసుకుని స్క్రీన్ మీద చూపించండి. ఇది తిరిగి ఈడీటీ మీదే నడుస్తుంది.

ఈ) బటన్‌ను మళ్ళీ ఎనేబుల్ చేసే లైన్‌ను డన్‌లోనే ఫైనల్లీ బ్లాక్‌లో పెట్టండి. లేకపోతే పని విఫలమైన రోజు బటన్ శాశ్వతంగా ఆగిపోతుంది.

ఫలితం అక్కర్లేకపోయినా డన్‌లో గెట్ పిలవండి. వెనక థ్రెడ్‌లో వచ్చిన ఎక్సెప్షన్ గెట్ పిలిచినప్పుడే బయటపడుతుంది. పిలవకపోతే కన్సోల్‌లో కూడా ఏమీ కనిపించదు. ఒకసారి వాడిన వర్కర్ రెండోసారి నడవదు, ప్రతి క్లిక్‌కూ కొత్తది తయారు చేయాలి.

కేవలం సెకనుకోసారి ఏదో మార్చాలంటే వర్కర్ అక్కర్లేదు, జావాఎక్స్ స్వింగ్‌లోని టైమర్ చాలు. జావా డాట్ యుటిల్‌లో కూడా అదే పేరుతో ఒక టైమర్ ఉంది, కానీ అది ఈడీటీ మీద పిలవదు. ఎడిటర్ తనంతట తాను ఇంపోర్ట్ పెట్టినప్పుడు ఏది పెట్టిందో చూసుకోండి.

సరిచూడండి: లిజనర్‌లో, డూఇన్‌బ్యాక్‌గ్రౌండ్‌లో, డన్‌లో ఈజ్‌ఈవెంట్‌డిస్పాచ్‌థ్రెడ్ విలువ ప్రింట్ చేయండి. ట్రూ, ఫాల్స్, ట్రూ రావాలి. పని నడుస్తుండగా విండోను పట్టుకుని అటూ ఇటూ సైజు మార్చండి, లోపలి భాగం వెంటనే గీయబడాలి. అప్పటికే బిగుసుకున్న ప్రోగ్రామ్ అయితే జేడీకేతో వచ్చే జేస్టాక్ అనే టూల్‌ను దాని ప్రాసెస్ నంబరుతో నడపండి. వచ్చిన జాబితాలో ఏడబ్ల్యూటీ ఈవెంట్‌క్యూ 0 అనే థ్రెడ్ కింద మీ క్లాస్ పేరున్న లైన్ ఏదో చూడండి. ఇరుక్కున్నది అక్కడే.

7. అవసరం తీరాక లిజనర్‌ను తీసేయండి

విండోతో పాటే పోయే బటన్లకు ఇది అక్కర్లేదు. ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉండే వస్తువుకు, కాసేపు తెరిచి మూసే డైలాగ్ తన లిజనర్ పెడితే మాత్రం తప్పనిసరి. ఆ పెద్ద వస్తువు లిజనర్‌ను పట్టుకుని ఉంటుంది, లిజనర్ డైలాగ్‌ను పట్టుకుని ఉంటుంది. మీరు మూసేశాననుకున్న డైలాగ్ మెమరీలోనే ఉండి, ప్రతి పిలుపుకూ స్పందిస్తూ ఉంటుంది. పదిసార్లు తెరిస్తే ఒక్క మార్పుకు పదిసార్లు పని జరుగుతుంది.

తీసేటప్పుడు చేసే తప్పు: పెట్టేటప్పుడు రాసిన లాంబ్డానే రిమూవ్‌యాక్షన్‌లిజనర్‌లో మళ్ళీ రాయడం. అక్షరాలు ఒకటే అయినా అది వేరే ఆబ్జెక్ట్, కాబట్టి ఏదీ తీయబడదు, ఎర్రర్ కూడా రాదు. లాంబ్డాను ముందు ఒక ఫీల్డ్‌లో దాచుకుని, పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఆ ఫీల్డ్‌నే ఇవ్వండి.

సరిచూడండి: డైలాగ్‌ను ఐదుసార్లు తెరిచి మూయండి. ముందూ తర్వాతా లిజనర్ల సంఖ్య ప్రింట్ చేయండి. పెరగకూడదు. చేత్తో నొక్కే ఓపిక లేకపోతే బటన్ మీద డూక్లిక్ పిలిస్తే నిజంగా నొక్కినట్టే పిలుపు వస్తుంది. దాన్ని కూడా ఈడీటీ మీది నుంచే పిలవండి.

జావాఎఫ్‌ఎక్స్ వాడుతుంటే

జేడీకే 11 నుంచి ఇది జేడీకేతో కలిసి రావడం లేదు, విడిగా చేర్చుకోవాలి. పై విషయాలు చాలావరకు ఇక్కడా వర్తిస్తాయి, పేర్లు మారతాయి. ఇన్వోక్‌లేటర్ బదులు ప్లాట్‌ఫామ్ క్లాస్‌లోని రన్‌లేటర్, స్వింగ్‌వర్కర్ బదులు టాస్క్. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి: సెట్‌ఆన్‌యాక్షన్ రెండోసారి పిలిస్తే మొదటిది పోయి కొత్తది దాని స్థానంలోకి వస్తుంది. స్వింగ్ అలవాటుతో రెండు పెట్టి, ఒకటే నడుస్తోందేమిటని వెతక్కండి. రెండూ ఉండాలంటే యాడ్‌ఈవెంట్‌హ్యాండ్లర్ వాడండి, పిలుపులు లెక్కపెట్టి చూసుకోండి.